మీటరు పై అరలోనే ఉండాలి

అమ్మలూ,

నిన్న ఫోన్లో "నాన్నా, సోమవారం ఎలక్ట్రీషియన్ పనిలో చేరుతున్నా, టూల్ బ్యాగు ఎలాంటిది కొనుక్కోవాలి?" అని అడిగావు. హడావిడిలో ఏదో చెప్పి పెట్టేశాను. తర్వాత మనసు కుదురుగా లేదు. ముప్ఫై ఏళ్లుగా భుజాన వేసుకుని తిరుగుతున్న బ్యాగు గురించి కూతురు అడిగితే రెండు ముక్కల్లో తేల్చేశానే అనిపించింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందు బ్యాగు కొనకు. ఇంట్లో ఉన్న పాత బ్యాగు ఏదైనా సరే, అందులో సామాను వేసుకుని ఒక వారం పనికి వెళ్లు. రోజూ సాయంత్రం, ఆ రోజు నీ చెయ్యి పడిన వాటి పేర్లు ఒక కాగితం మీద రాసుకో. వారం తిరిగేసరికి ఏది నిజంగా కావాలో, ఏది ఊరికే మోస్తున్నావో నీకే తెలిసిపోతుంది. నేను ఇలా చేసినప్పుడు నా బ్యాగులో నలభైకి పైగా సామాన్లు తేలాయి. రోజూ వాడేవి పదిహేను దాటలేదు. మిగతా బరువంతా ఏళ్ల తరబడి ఎందుకు మోశానో నాకే అర్థం కాలేదు.

ఆ పదిహేనూ కాస్త అటూ ఇటూగా ఇవే: కటింగ్ ప్లేయరు, నోస్ ప్లేయరు, సైడ్ కట్టరు, వైర్ స్ట్రిప్పరు, నాలుగైదు స్క్రూడ్రైవర్లు, టెస్టరు, ఓల్టేజీ కొలిచే మీటరు, కత్తి, కొలత టేపు, చిన్న మట్టం, ఇన్సులేషన్ టేపు, తలకు పెట్టుకునే టార్చి, మార్కరు. సుత్తి, ఉలి, ఇనుము కోసే హెక్సా ఫ్రేము, డ్రిల్లు, పైపుల్లో వైరు లాగే స్ప్రింగు, వైరు చివర తొడిగే పెద్ద లోహపు లగ్గులు నొక్కే క్రింపింగ్ టూలు లాంటివి వేరే పెట్టెలో పెట్టుకో. ఆ పెట్టె పని జరిగే చోట ఒక మూల ఉంటుంది, నీతో పాటు నిచ్చెన ఎక్కదు.

ఇక బ్యాగు. నోరు వెడల్పుగా తెరుచుకుని, తెరిచాక అలాగే నిలబడేది చూడు. చేత్తో పట్టుకుంటే తప్ప తెరుచుకోని బ్యాగు పనిలో సగం సమయం తినేస్తుంది. అడుగు గట్టి ప్లాస్టిక్‌తో ఉండాలి, ఎందుకంటే కడుతున్న ఇంట్లో నేల మీద నీళ్లూ సిమెంటూ తప్పవు, గుడ్డ అడుగైతే ఆ తడి లోపలికి లాగి ప్లేయర్ల కీళ్లకు తుప్పు పట్టిస్తుంది. లోపలి గుడ్డ లేత రంగుదైతే ఇంకా మంచిది. నల్ల గుడ్డలో నల్ల పిడి స్క్రూడ్రైవరు కరెంటు లేని గదిలో ఎంత వెతికినా కనబడదు. పట్టీ వెడల్పుగా ఉండాలి, పూటకోసారి భుజం మార్చుకోవాలి. కొనే ముందు సామానంతా అందులో వేసి, రెండు అంతస్తులు మెట్లెక్కి చూడు. ఆయాసం వస్తే బ్యాగు పెద్దదైందని లెక్క. పెద్ద బ్యాగులో ఖాళీ ఉంటే ఆ ఖాళీ నిండేదాకా మనం ఊరుకోము.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వు పుట్టకముందు ఒక ఇంట్లో సీలింగ్‌లో లైటు హోల్డరు మార్చడానికి వెళ్లాను. స్విచ్ ఆపాను, లైటు ఆరింది. నిచ్చెన ఎక్కాను. మీటరుతో ఒకసారి చూసుకోవాలని తెలుసు. కానీ మీటరు బ్యాగు అడుగున, సుత్తి కింద, వైరు చుట్ట కింద ఉంది, బ్యాగేమో నేల మీద. దిగి, అంతా తవ్వి తీయాలి. లైటు ఆరిందిగా అనుకుని చెయ్యి పెట్టాను. షాక్ కొట్టింది, చెయ్యి విదిలించుకుని వెనక్కి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. తర్వాత చూస్తే, ఎవరో స్విచ్‌ను కరెంటు వచ్చే ఫేజు వైరుకు కాకుండా, తిరిగి వెళ్లే న్యూట్రల్‌కు వేశారు. స్విచ్ ఆపితే దారి తెగుతుంది కాబట్టి లైటు ఆరుతుంది, కానీ హోల్డరు దాకా ఫేజు అలాగే వచ్చి నిలబడి ఉంటుంది.

తప్పు ఆ వైరింగ్ చేసిన వాళ్లదే. కానీ మీటరు చేతికి అందే చోట ఉండి ఉంటే నేను చూసుకునేవాణ్ణి, ఇది మాత్రం నాకు ఖాయంగా తెలుసు. మనిషి ఎంత జాగ్రత్తపరుడైనా, మూడు నిమిషాలు తవ్వాల్సి వస్తే ఏదో ఒక రోజు "ఈ ఒక్కసారికి" అనుకుంటాడు. అందుకే నా బ్యాగులో ఆ రోజు నుంచీ మీటరు పై అరలో, ముందు వైపు, దానికి మాత్రమే ఉన్న జేబులో ఉంటుంది. దాని మీద ఇంకేదీ పెట్టను. పై ఎత్తున పనైతే దాన్ని నడుముకు తగిలించుకునే ఎక్కుతాను. నీ బ్యాగు ఎలా సర్దుకున్నా సరే, ఈ ఒక్కటీ మాత్రం నా మాట విను.

మీటరు గురించి ఇంకొంచెం. మీద "క్యాట్ 3, 600 ఓల్టులు" అని ఉన్నది తీసుకో. డిస్ట్రిబ్యూషన్ బోర్డుల్లోనూ, గోడల్లో వేసిన వైరింగ్‌లోనూ పని చెయ్యడానికి ఆ తరగతి కావాలి. లైన్లో క్షణకాలం వచ్చే పెద్ద ఓల్టేజీకి చేతిలోనే పేలకుండా తట్టుకునేలా చేసిన మీటరు అది. వాడేటప్పుడు మూడుసార్లు చూడాలి: కరెంటు ఉందని తెలిసిన చోట ముందు ఒకసారి, పని చేసే చోట ఒకసారి, మళ్లీ వెనక్కి వచ్చి తెలిసిన చోట ఇంకోసారి. మూడోది చాలామంది వదిలేస్తారు. మధ్యలో ప్రోబు (మీటరు నుంచి వచ్చే, తాకించి చూసే మొన) వైరు తెగితే మీటరు సున్నానే చూపిస్తుంది, ఆ సున్నా నమ్మి చెయ్యి పెడతాం. ఇంకో మాట, కరెంటు కొలిచాక ఎర్ర ప్రోబును ఆంపియర్ల సాకెట్‌లో అలాగే వదిలేయకు. తర్వాత ఓల్టేజీ చూడబోతే ఆ మీటరు ఒక వైరు ముక్కతో సమానం, నేరుగా షార్ట్ అవుతుంది. ప్రోబును దాని సాకెట్‌లోకి మార్చాకే మీటరు జేబులోకి వెళ్లాలి, అది అలవాటు చేసుకో.

ఆపేసిన వైరులో డిజిటల్ మీటరు ఒక్కోసారి నలభయ్యో, అరవయ్యో ఓల్టులు చూపిస్తుంది. కంగారు పడకు. పక్కనే కరెంటున్న వైరు నడుస్తుంటే దాని ప్రభావం అలా కనబడుతుంది. అలాగని నీ అంతట నువ్వే "ఇది దొంగ ఓల్టేజీ" అని తీర్మానించుకోకు. మీటరులో లో ఇంపీడెన్స్ సెట్టింగు (ఇలాంటి ఉత్తుత్తి ఓల్టేజీని కనబడనివ్వనిది) ఉంటే అందులో పెట్టి మళ్లీ చూడు.

టెస్టరు ఉంచుకో, వద్దనను. ఫేజు ఏదో త్వరగా చూసుకోవడానికి పనికొస్తుంది. కానీ దాన్ని నమ్మి చెయ్యి పెట్టకు. దాని లోపలి బల్బు వెలగాలంటే చిన్న కరెంటు నీ ఒంట్లోంచి నేలకు పోవాలి. పొడి చెక్క నిచ్చెన మీద నిలబడితే సరిగా వెలగదు, ఎండలో వెలిగినా కనబడదు. వెలగలేదంటే కరెంటు లేదని అర్థం కాదు. టెస్టరుతో స్క్రూలు కూడా తిప్పకు, లోపల పగిలితే బయటికి తెలియదు.

ప్లేయర్ల పిడికి రంగు ప్లాస్టిక్ ఉందని అది ఇన్సులేషన్ అనుకోకు. చాలావాటికి అది పట్టు కోసం వేసిన తొడుగు మాత్రమే. పిడి మీద రెండు త్రిభుజాల గుర్తు, పక్కన 1000 ఓల్టులు అని అచ్చు ఉన్నవి వేరు. ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసినవాటి మీద ఆ గుర్తు ఉంటుంది. కొన్నింటికి లోపల ఒక రంగు, పైన ఒక రంగు వేస్తారు. లోపలి రంగు కనబడిందంటే ఆ సామాను తీసి పక్కన పడెయ్యాల్సిందే, టేపు చుట్టి వాడకూడదు. అలాంటి పిడి ఉందని లైను ఆపకుండా పని మొదలెట్టకు, అది చివరి అడ్డు మాత్రమే.

కటింగ్ ప్లేయరు అందరూ 8 అంగుళాలది వాడతారు, నేనూ అదే. నువ్వు మాత్రం కొనే ముందు చేత్తో పూర్తిగా తెరిచి మూసి చూడు. మూసేటప్పుడు వేళ్లు సాగదీయాల్సి వస్తే 7 అంగుళాలది తీసుకో. ఎవరో ఏదో అనుకుంటారని చేతికి మించింది పట్టుకుంటే సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది.

స్క్రూడ్రైవర్లలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. స్టార్ అంటే ఒకటే అనుకుంటారు. ఎంసీబీల (లోడు ఎక్కువైతే తమంతట తామే పడిపోయే స్విచ్చుల) టెర్మినల్ స్క్రూను, అంటే వైరు బిగించే స్క్రూను, వెలుతురులో దగ్గరగా చూడు. చాలావాటికి ప్లస్ గుర్తు గీతల మధ్య ఏటవాలుగా సన్నని గీతలు కనబడతాయి. అది పోజిడ్రైవ్, పీజెడ్ అని రాసి ఉంటుంది. దానికి మామూలు స్టార్ పెడితే సగమే కూర్చుంటుంది, గట్టిగా తిప్పగానే జారి స్క్రూ తల అరిగిపోతుంది. బిగిసిందని మనం అనుకుంటాం, బిగిసి ఉండదు. వదులు జాయింటు దగ్గర వేడి పుడుతుంది, నెలలు గడిచాక ఇన్సులేషన్ నల్లబడి కమురు వాసన వస్తుంది. బోర్డులు కాలడానికి ఇలాంటి వదులు స్క్రూలు పెద్ద కారణం. పీజెడ్ 2 ఒకటి, స్టార్ 2 నంబరు ఒకటి, ఫ్లాట్‌లో సన్నదీ వెడల్పుదీ, ఈ నాలుగూ తప్పకుండా ఉంచుకో. పీజెడ్ పిడికి ఒక రంగు టేపు ముక్క చుట్టు, తడబాటు ఉండదు.

సర్దుకునేటప్పుడు నా బ్యాగు చూసి అచ్చం అలాగే పెట్టుకోకు. నీది ఎడమచేతి వాటం. నాకు కుడివైపు ఉన్నవన్నీ నీకు ఎడమవైపు ఉండాలి. బ్యాగు ముందు కూర్చుని, కళ్లు మూసుకుని కటింగ్ ప్లేయరు కోసం చెయ్యి చాపు. చెయ్యి ఎక్కడికి పోతే దాని చోటు అదే. ప్లేయర్లు, స్క్రూడ్రైవర్లు పిడి పైకి ఉండేలా నిలువుగా పెట్టు. కత్తి మాత్రం మూత వేసి వేరే జేబులో. వెతికేటప్పుడు వేలు తెగేది ముందు దానికే. లగ్గులు, వైరు పోగుల చివర తొడిగే ఫెర్రుల్సు, కనెక్టర్లు, స్క్రూలు లోపల ఏముందో కనబడే చిన్న డబ్బాల్లో వేసుకో. ఇన్సులేషన్ టేపు కూడా ఒక డబ్బాలో ఉంటే అంచులకు దుమ్ము పట్టదు. దుమ్ము పట్టిన టేపు ఎంత చుట్టినా నిలవదు.

ఒక్కో సామానుకు ఒక్కో జేబు ఉండాలని అనడానికి ఇంకో కారణముంది. పని అయ్యాక, బోర్డు మూత వేసే ముందు బ్యాగు వైపు చూడు. ఏ జేబు ఖాళీగా ఉందో ఆ సామాను బోర్డులోనే ఉండిపోయి ఉండొచ్చు. బోర్డులో కరెంటు పంచే లోహపు పట్టీలైన బస్‌బార్ల మీద మరిచిపోయిన స్క్రూడ్రైవరు, లైను వెయ్యగానే ఏం చేస్తుందో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఇంటికి వెళ్లే ముందు ఇంకోసారి లెక్క చూసుకో.

నా పాత కటింగ్ ప్లేయరు ఇమ్మన్నావు కదా. ఇవ్వనమ్మా. ప్రేమ లేక కాదు, దాని పిడి కీలు దగ్గర చిట్లింది. నేనే వాడటం మానేశాను. దాని బదులు నా నోస్ ప్లేయరు పంపిస్తున్నా, పిడి బాగుంది, కీలుకు ఒక చుక్క నూనె వేసి తుడిచాను.

వారం తర్వాత ఆ కాగితం ముందు పెట్టుకుని ఫోన్ చెయ్యి. ఒక్కో పేరూ చదువు, వింటాను. అప్పుడు బ్యాగు ఎంతది కావాలో ఇద్దరం కలిసి చూద్దాం.

నాన్న