గుడ్డ ఎత్తి చూడకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీని ముప్పై ఏళ్ళుగా చదువుతున్నాను. అందులో మళ్ళీ మళ్ళీ కనిపించే వాక్యం ఒకటి ఉంది: "ఆసుపత్రికి తరలిస్తుండగా మార్గమధ్యంలో మృతి చెందాడు." కాయలు దింపుతూ కొబ్బరి చెట్టు మీద నుంచి పడిన దింపు కార్మికుడైనా, కోత యంత్రంలో చెయ్యి పడిన కూలీ అయినా, 216 జాతీయ రహదారి మీద లారీ తగిలిన కుర్రవాడైనా వార్త అక్కడితో ముగుస్తుంది. ఆ మార్గమధ్యంలో పక్కనున్నవాళ్ళు ఏం చేశారో, ఏం చెయ్యవలసిందో ఎవరూ రాయరు. పోయిన ఏడాది ఆగస్టులో ఆ మార్గమధ్యంలో నేనే ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం.

మాది కోనసీమలో, పి.గన్నవరం మండలంలో గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామం. నాలుగెకరాల కొబ్బరి తోట ఉంది. దింపు అయ్యాక కాయలు ఇంటి వెనక రాశి పోయించి వలుపు పెట్టిస్తాం. వలుపు చూడనివాళ్ళకు చెబుతాను. నేలలో నిలువుగా పాతిన ఇనుప గునపం మొన మీద కాయను రెండు చేతులతో గుచ్చి, మెలితిప్పి డొక్క ఊడదీస్తారు. వెయ్యి కాయలకు ఇంత అని కూలి కాబట్టి చెయ్యి ఆగదు. ఆ రోజు పొద్దున వాన పడి కాయలన్నీ తడిగా ఉన్నాయి. ఆరేళ్ళుగా మా దగ్గర వలుస్తున్న అబ్బాయికి కాయ జారింది. మొన ముంజేతి లోపలివైపు, మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన దిగి చీరేసింది.

అతను అరవలేదు. చేతిని పొట్టకు అదుముకుని అలాగే కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర ఉన్న డొక్కల పీచు ఎర్రగా తడవడం చూశాకే మాకు తెలిసింది. ఆ రక్తం ఊరికే కారడం లేదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగజిమ్ముతోంది.

అప్పుడు మేం చేసినవన్నీ దాచకుండా రాస్తాను. నేను వంటింట్లోకి పరుగెత్తి కాఫీపొడి తెచ్చి గుప్పెడు అద్దాను. మా అమ్మా అత్తగారూ అలాగే చేసేవారు. మేస్త్రి బస్తాలు కుట్టే పురికొస తీసుకుని మోచేతి కింద బిగించాడు. రక్తం తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. ఎవరో తువ్వాలు చుట్టారు. ఆగిందా లేదా అని ఆ తువ్వాలును ఎన్నిసార్లు ఎత్తి చూశామో లెక్కలేదు. ఎత్తినప్పుడల్లా మళ్ళీ చిమ్మింది. "దాహంగా ఉందండీ అమ్మగారూ" అని అతను అడిగితే సోడా తాగించాం. ప్రేమతోనే చేశాం, అన్నీ తప్పులే చేశాం.

గోదావరి వరద తీసినా, ఊరికి దారైన కాజ్‌వే మీద ఇంకా మొలలోతు నీళ్ళున్నాయి. 108 బండి అవతలి రేవు దాకానే వస్తుంది. అతన్ని పడవలో పడుకోబెడుతుండగా మా ఊరి ఆశా కార్యకర్త వచ్చి ఎక్కింది. "తువ్వాలు తియ్యకండి, దాని మీదే ఇంకో గుడ్డ వెయ్యండి" అంటూ తన చున్నీని నాలుగు మడతలు వేసి పెట్టింది. చేతులకు కిరాణా కవర్లు తొడుక్కుని, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేసి రెండు అరచేతులతో నొక్కింది. అవతలి రేవు దాకా ఇరవై నిమిషాలు పట్టింది. పడవ ఊగినప్పుడల్లా ఆమె మోకాళ్ళు చెక్క మీద అటూ ఇటూ జారాయి, చేతులు మాత్రం జారలేదు. బండిలోకి ఎక్కించాక కూడా, లోపలి సిబ్బంది తమ చెయ్యి పెట్టాకే ఆమె తన చెయ్యి తీసింది. పడవ సగం దూరం వెళ్ళేసరికే చున్నీ మీద ఎరుపు పాకడం ఆగిపోయింది. ఇరవై నిమిషాల ముందు నేను కాఫీపొడి డబ్బా కోసం పరుగెత్తకుండా ఆ పనే చేసి ఉండవచ్చు. నాకూ రెండు చేతులున్నాయి.

ఆసుపత్రిలో కుట్లు వెయ్యడానికి ముందు ఆ కాఫీపొడిని కడగడానికే చాలాసేపు పట్టింది. సెలైన్ పోస్తూ పలుకు పలుకు తీస్తుంటే, గునపం దిగినప్పుడు కూడా అరవని అబ్బాయి అప్పుడు అరిచాడు. బయట బెంచీ మీద కూర్చుని ఆ అరుపు విన్నాను. కాఫీపొడి, పసుపు, సున్నం, ముగ్గు, పేడ, కిరోసిన్ ఏదైనా అంతే. రక్తం ఆగడానికి అవి పనికిరావు. గాయంలోకి మురికిని చేరుస్తాయి, డాక్టరుకు లోపలి దెబ్బ కనబడకుండా చేస్తాయి. మా కల్లాల్లో పశువుల పేడ, మట్టి ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ధనుర్వాతం భయం కూడా ఎక్కువే. పైకి చిన్న రంధ్రంలా కనిపించే లోతు గాయానికి కూడా టీకా సంగతి ఆ రోజే డాక్టరును అడగాలి. చిన్న గీతలకు, కోతలకు మంచి నీళ్ళ ధార కింద కడిగి శుభ్రమైన గుడ్డ కడితే చాలు.

గుడ్డ ఎత్తి చూడటం ఎందుకు తప్పో మన డెల్టా వాళ్ళకు ఇట్టే అర్థం కావాలి. 1986 వరదలో నేను కొత్త కోడలిని. రాత్రంతా గట్టు మీద లాంతర్లు పట్టుకుని మగవాళ్ళు ఇసుక బస్తాలు వేస్తుంటే చూశాను. గండి పడేచోట వేసిన బస్తాను, నీళ్ళు ఆగాయో లేదో చూద్దామని ఎవరైనా ఎత్తుతారా? దాని మీద ఇంకో బస్తా వేస్తారు. గాయం దగ్గర రక్తం గడ్డకట్టడం కూడా అలాంటి గట్టే. కనీసం పది నిమిషాలు గడియారం చూసుకుని, ఒక్కసారి కూడా ఎత్తకుండా నొక్కాలి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి వెయ్యాలి. ఫోను స్పీకరులో పెట్టి 108తో మాట్లాడవచ్చు, చేతులు గాయం మీదే ఉండాలి. గాజుముక్కో, కత్తి మొనో లోపల దిగి ఉంటే దాన్ని పీకకూడదు. దాని చుట్టూ నొక్కి, కదలకుండా గుడ్డలు పేర్చి తీసుకెళ్ళాలి.

పురికొస విషయం వేరుగా చెప్పాలి. సన్నటి తాడు పైపైన ఉండే రక్తనాళాలను మాత్రమే మూస్తుంది. లోపలి ధమని నుంచి రక్తం వస్తూనే ఉంటుంది, తిరిగి గుండెకు వెళ్ళే దారి మూసుకుపోతుంది. అందుకే ఆ అబ్బాయికి రక్తం ఎక్కువైంది. ఎంత నొక్కినా ఆగక ప్రాణం మీదికి వస్తేనే, అదీ చేతికో కాలికో అయితేనే కట్టు బిగించాలి. రెండంగుళాల వెడల్పు గుడ్డను, గాయానికి మూడు నాలుగు వేళ్ళ పైన, కీలు మీద కాకుండా కట్టి, పుల్ల పెట్టి రక్తం ఆగేదాకా మెలితిప్పాలి. కట్టిన సమయం రాసిపెట్టాలి, ఆసుపత్రి దాకా విప్పకూడదు. పాము కాటుకు మాత్రం ఈ కట్టు వద్దే వద్దు. వరదల్లో మా లంకల్లో పాములు ఎక్కువ, కట్లు కట్టే అలవాటు ఇంకా ఎక్కువ. విషం ఆగదు, కాలు పోతుంది.

ఇక షాక్. ఈ మాట వింటే మనవాళ్ళు కరెంటు అనుకుంటారు, లేదా చెడ్డ వార్త విన్నప్పటి స్థితి అనుకుంటారు. డాక్టర్లు చెప్పే షాక్ వేరు. మనిషి ఒంట్లో రమారమి అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. అందులో లీటరు పోతే, అంటే మూడు బొండాల నీళ్ళంత, మెదడుకూ మూత్రపిండాలకూ చాలినంత రక్తం అందదు. అదే షాక్. ముఖం పాలిపోతుంది, చల్లటి చెమట పడుతుంది, నాడి సన్నగా, వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగంగా ఆడుతుంది, విపరీతమైన దాహం వేస్తుంది. మనిషి స్థిమితంగా ఉండడు, మాట తడబడుతుంది.

రక్తం బయటికి కనిపించకుండా కూడా ఇది వస్తుంది. నా చిన్నతనంలో మా బాబాయి కొబ్బరి చెట్టు మీద నుంచి పడ్డాడు. ఒంటి మీద గీతైనా లేదు. లేచి కూర్చుని "ఏమీ కాలేదే" అన్నాడు. మంచినీళ్ళు అడిగాడు, ఇచ్చాం. మళ్ళీ అడిగాడు, మళ్ళీ ఇచ్చాం. అరుగు మీద పడుకోబెట్టి విసనకర్రతో విసిరాం. ఒళ్ళు చల్లబడుతుంటే నిద్ర పట్టిందనుకున్నాం. సాయంత్రానికి పోయాడు. కడుపులో రక్తస్రావం అయి ఉంటుందని ఆ తర్వాత వచ్చిన డాక్టరు చెప్పారు. ఆ నీళ్ళ చెంబు అందించింది నేనే. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

అందుకే ఈ భాగం మాత్రం దయచేసి కత్తిరించకండి. షాక్ లక్షణాలు కనిపిస్తే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాలి. కాళ్ళను అడుగు ఎత్తున పెట్టాలి. చెట్టు మీద నుంచి పడితే, వెన్నుకో కాళ్ళకో దెబ్బ తగిలిందనిపిస్తే కాళ్ళు ఎత్తకూడదు, లేపి కూర్చోబెట్టకూడదు, ఎలా ఉన్నవాణ్ణి అలాగే ఉంచాలి. విసరడం, ముఖాన నీళ్ళు కొట్టడం మానేసి దుప్పటి కప్పాలి. దాహం అన్నా నీళ్ళు, సోడా, టీ ఏవీ ఇవ్వకూడదు. ఆపరేషనుకు మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్నది వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తడిగుడ్డతో పెదవులు అద్దవచ్చు. "నీళ్ళు ఇవ్వని పాపం" అని పెద్దవాళ్ళు బాధపడతారు, నాకు తెలుసు. అయినా ఇవ్వకూడదు.

రోడ్డు ప్రమాదాల్లో కేసు భయంతో ముట్టుకోని వాళ్ళకు ఒక మాట. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 134ఎ సెక్షను, సద్బుద్ధితో సాయం చేసినవారి మీద కేసులు లేకుండా రక్షణ ఇస్తోంది.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. "మార్గమధ్యంలో" అని ముగిసే ప్రతి వార్త కింద నాలుగు పంక్తుల పెట్టె వెయ్యండి. నొక్కండి, ఎత్తి చూడకండి, పడుకోబెట్టి కప్పండి, నోటికి ఏమీ ఇవ్వకండి. ప్రకటన వేసే చోటులో పావు వంతు కూడా పట్టదు.

కొబ్బరి రైతులకు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ వ్యాపారులకు కూడా చెబుతున్నాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండి తీరాలని చెప్పింది. మన కల్లాల్లో పనిచేసేది అయిదారుగురే, అడిగేవాళ్ళు లేరు. అలాగని వాళ్ళ రక్తం వేరు కాదు. నేను ఒక రేకు డబ్బాలో ఉతికి ఎండబెట్టిన పాత పంచె ముక్కలు, వెడల్పు కట్టుగుడ్డ చుట్టలు, ప్లాస్టిక్ కవర్లు, కత్తెర, పెన్ను పెట్టి గునపాల పక్కనే వేలాడదీశాను. జిల్లా రెడ్‌క్రాస్ వారు వేసవిలో, వరద రాకముందే, లంకలకు వచ్చి దింపు, వలుపు కార్మికులకు, పడవ సరంగులకు ఒక్క పూట నేర్పితే మా ఊరి తరఫున భోజనాలు మేం పెడతాం.

ఆ అబ్బాయి బాగానే ఉన్నాడు. చిటికెన వేలుకు, ఉంగరపు వేలుకు ఇంకా స్పర్శ సరిగా రాలేదు. గునపం పట్టలేడు కాబట్టి ఈసారి కాయలు లెక్కపెట్టడానికి వస్తానన్నాడు. వచ్చే నెల మొదటి వారంలో మా దింపు. ఈ ఉత్తరం ఆలోగా అచ్చయితే కల్లంలో అందరినీ కూర్చోబెట్టి చదివిస్తాను.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు మహిళ,
పి.గన్నవరం మండలం, కోనసీమ