నొప్పులప్పుడు కాదు, ఏడో నెలలోనే అడగండి

హైదరాబాద్ జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారికి,

నమస్కారం. మా చెల్లెలికి నగరంలోని ఒక ఆసుపత్రిలో కాన్పయింది. నొప్పులు పడుతుండగా "మళ్లీ గర్భం రాకుండా కాపర్ టీ వేయమంటారా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటారా" అని అడిగారు. అది ఆలోచించుకునే సమయమా అండీ? ఈ మాట ఏడో నెల చెకప్‌లోనే, వీలైతే భర్త కూడా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి.

కాన్పయిన 48 గంటల్లోపు కాపర్ టీ వేయవచ్చని, వద్దనుకుంటే తీయించుకోవచ్చని అప్పుడే చెప్పాలి. గర్భం రాకుండా వేసుకునే 'ఛాయ' మాత్రల్లో హార్మోన్లు లేవు, పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. మొదటి 3 నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ 3 నెలలకోసారి, పాలిచ్చేవాళ్లకు కాన్పయిన 6 వారాల తర్వాతే. దాంతో నెలసరి ఆగిపోవచ్చని ముందే చెప్పకపోతే ఇంట్లో ఎంత టెన్షనో! కాన్పు తర్వాత నెలసరి మొదలవకముందే మళ్లీ గర్భం రావచ్చన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

మగవాళ్లకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వేసెక్టమీ మాట ఎవరూ ఎత్తరెందుకు? ఆడవాళ్ల ఆపరేషన్ కన్నా అది తేలిక.

ఈ వివరాలన్నీ బస్తీ దవాఖానాల్లో తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టించండి. ఏది కావాలో, అసలు ఏదీ వద్దో తల్లినే చెప్పనివ్వమని సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశించండి.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక అక్క