టిఫా టోకెన్లు ఇక రోజుకు ఎనిమిదే

దిల్‌సుఖ్‌నగర్‌లో మా స్కానింగ్ సెంటర్‌కి వచ్చేవాళ్లకు ఒక విషయం చెప్పుకోవాలి. సోమవారం నుంచి టిఫా స్కాన్‌కు (కడుపులో బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయా అని చూసే అల్ట్రాసౌండ్) రోజుకు ఎనిమిది టోకెన్లే ఇస్తాం. ఇన్నాళ్లూ పదిహేను ఇచ్చేవాళ్లం. రేటు కూడా మూడొందలు పెంచుతున్నాం.

కారణం నా తప్పే. అయిదో నెలలో ఒకావిడ వచ్చింది. బిడ్డ తల బాగా కిందికి ఉంది. పుర్రె ఎముక అడ్డొచ్చి, ప్రోబ్‌కు (పొట్ట మీద పెట్టి చూసే పరికరం) దగ్గరి వైపు మెదడు మసకమసగ్గా ఉంది. కాసేపు నడిచి రమ్మని మళ్లీ చూడాలి, కాదంటే టీవీఎస్ (యోని ద్వారా లోపలి నుంచి చూసే స్కాన్) చేయాలి. బయట పదిమంది కూర్చున్నారని 'బ్రెయిన్ నార్మల్' అని రాసి పంపేశాను. ఏడో నెలలో ఇంకోచోట తీస్తే వెంట్రికల్ (మెదడులో నీరుండే గది) వెడల్పు 13 మిల్లీమీటర్లు వచ్చింది. 10 లోపు ఉండాలి. అప్పటికే ఉందో తర్వాత పెరిగిందో గానీ, 'ఒక వైపు కనబడలేదు' అని రాయకపోవడం మాత్రం నా తప్పు. ఆవిడ రిపోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒక్క మాట అనలేదు.

ఇకమీదట కనబడనిది కనబడలేదనే రాస్తాను. మళ్లీ రమ్మంటే డబ్బు తీసుకోం.

'అయితే నేరుగా ఎంఆర్ఐ తీయించేస్తే పోలా?' అని కొందరు అంటున్నారు. వద్దండీ. గుండె, వెన్ను, కాళ్లూ చేతులూ అన్నీ చూడాలంటే ముందు అల్ట్రాసౌండే. మెదడు మీద అనుమానం వస్తేనే ఎంఆర్ఐ. దానికి ఎముక అడ్డురాదు, మెదడు మడతలు, మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కలోసమ్ తేటగా కనబడతాయి. రేడియేషన్ ఉండదు. బ్రిటన్‌లో చేసిన మెరిడియన్ అధ్యయనం 2017లో వచ్చింది. అల్ట్రాసౌండ్ చెప్పింది 68 శాతం కేసుల్లో సరైతే, ఎంఆర్ఐ చెప్పింది 93 శాతంలో సరైంది. కానీ అవన్నీ ముందే అనుమానం ఉన్న కేసులు. అందరికీ ఆ లెక్క వేసుకుని టెన్షన్ పడకండి. 20 వారాల లోపు ఎంఆర్ఐతో పెద్దగా తేలదు కూడా. టిఫాకి మాత్రం 18–20 వారాల్లోనే రండి. 24 వారాలు దాటితే, లోపం ఉందని గర్భం తీయించుకోవాలన్న నిర్ణయం మెడికల్ బోర్డు దాకా వెళ్తుంది.

మా దగ్గర ఎంఆర్ఐ లేదు, కొనే స్తోమతా లేదు. ఎక్కడికి పంపినా కమిషన్ తీసుకోం.

ఈ నాలుగు నెలల్లో మా దగ్గర టిఫా చేయించుకున్నవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత రిపోర్టుతో రండి. దాచి ఉంచిన బొమ్మలు మీ ముందే మళ్లీ చూస్తాను. టోకెన్ అక్కర్లేదు.