గల్లాలో నాలుగు వేల లోటు, ఇద్దరి జీతంలో కోత

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను బరంపురంలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. చేత్తో చిట్టా రాసిన రోజుల నుంచి కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేరు దాకా వచ్చినవాణ్ణి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మన తెలుగువాళ్లు చాలామంది నాలాగే కొట్లలో, రైసు మిల్లుల్లో, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో గుమస్తాలుగా, క్యాషియర్లుగా బతుకుతున్నారు. లెక్క తప్పినప్పుడు మాలో మాకు జరిగే గొడవ చివరికి ఎవరి జీతం మీద పడుతోందో నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఠాకురాణి అమ్మవారి యాత్ర మా ఊళ్లో రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజుల్లో ఊరంతా జనం, బేరాలు రాత్రి పదింటిదాకా సాగుతూనే ఉంటాయి. కిందటి యాత్రప్పుడు ఒక రాత్రి గల్లా లెక్కపెడితే పుస్తకంలో ఉన్నదానికంటే నాలుగు వేలు తక్కువ వచ్చింది. మూడుసార్లు లెక్కపెట్టాం. అదే తేడా.

మా కొట్లో పల్లెలకు వెళ్లి బాకీలు వసూలు చేసుకొచ్చేది ఒక ఒడియా కుర్రాడు. కంప్యూటర్లో ఎంట్రీలు కొట్టేది మన తెలుగమ్మాయి. "నేను తెచ్చింది లెక్కపెట్టే అప్పజెప్పాను, పుస్తకంలో ఏం రాశారో నాకేం తెలుసు" అని అతను. "రసీదులో ఉన్నదే కొట్టాను, డబ్బు నేను ముట్టుకోను కూడా" అని ఈమె. మర్నాటికి మాట ముదిరి "మీవాళ్లంతా ఇంతే" అనుకునేదాకా వచ్చింది. పొద్దున్నే ఒక టీ తెప్పించుకుని ఇద్దరూ చెరిసగం తాగేవారు. అలాంటిది ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. సరిహద్దు ఊళ్లలో ఉన్న ప్రమాదం ఇదే. వేరే ఊళ్లో అయితే ఇద్దరి మధ్య గొడవగా పోయేది ఇక్కడ రెండు భాషల గొడవ అయి కూర్చుంటుంది.

మా యజమాని చెడ్డమనిషి కాదు. తగువు తెగ్గొట్టడానికి "చెరో రెండు వేలు జీతంలోంచి" అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ తప్పు ఎక్కడుందో తెలియకుండా చెరిసగం పంచితే, ఏమీ చెయ్యని మనిషి దగ్గర కూడా డబ్బు లాక్కున్నట్టే అవుతుంది. పైగా ఇద్దరి మీదా దొంగ అనే ముద్ర అలాగే ఉండిపోతుంది. నేను పక్కనే కూర్చున్నాను. పెద్ద గుమస్తాని, ఆపాల్సింది నేనే. నోరు మెదపలేదు. నిజం చెప్పాలంటే నా అనుమానం కూడా ఆ కుర్రాడి మీదే. డబ్బు పట్టుకునేవాడి మీదకే కదా ముందు చూపు పోయేది.

మూడో రోజు పొద్దున కొట్టు తెరవకముందే వెళ్లి కూర్చున్నాను. పాత గుమస్తాలు మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. తేడాని ముందు తొమ్మిదితో భాగించి చూడాలి. శేషం లేకుండా పోతే రెండు అంకెలు తారుమారై ఉండొచ్చు. 5,460 బదులు 5,640 రాస్తే తేడా 180, అది తొమ్మిదితో పోతుంది. పోకపోతే తేడాని సగం చేసి, ఆ మొత్తానికి పద్దు ఏదైనా ఉందేమో వెతకాలి. జమకి రాయాల్సింది ఖర్చుకి రాస్తే తేడా రెట్టింపు చూపిస్తుంది. నాలుగు వేలు తొమ్మిదితో పోదు. రెండు వేల పద్దు ఆ రోజు లేదు. ఇక మిగిలింది వేల స్థానంలో ఒక్క అంకె మారి ఉండటం.

రసీదు పుస్తకం తీసి కార్బన్ కాపీలు ఒక్కొక్కటే తిప్పాను. దిగపహండి వైపు పల్లెలో ఒక ఖాతాదారు ఇచ్చిన సొమ్ము రసీదు దగ్గర ఆగిపోయాను. కుర్రాడు తనకు అలవాటైన ఒడియా అంకెల్లో నాలుగు వేలు అని రాశాడు. ఒడియా నాలుగు చూడటానికి ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. పక్కన ఉన్నవి మూడు సున్నాలు. సున్నా ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి అది ఒడియా అంకె అని అనుమానం రావడానికి కూడా ఆధారం లేదు. అక్షరాల్లో రాయాల్సిన గీత ఖాళీగా ఉంది. అమ్మాయి 8,000 అని కొట్టింది. ఖాతాదారుకి ఫోన్ చేసి అడిగితే తన దగ్గరున్న రసీదు తీసి చూసి, ఇచ్చింది నాలుగు వేలే అన్నాడు.

రూపాయి కూడా ఎక్కడికీ పోలేదు. యజమాని ఇద్దరి డబ్బూ తిరిగి ఇచ్చేశారు. కానీ ఆ కుర్రాడు నెలాఖరుకి మానేశాడు. వెళ్తూ "మీరు కూడా నన్నే అనుకున్నారు కదా సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇది మా ఒక్క కొట్టు కథ అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నాకు తెలిసిన గుమస్తాల్లో ఇలాంటి కోత పడనివాళ్లు తక్కువ. గల్లాలో లోటు వస్తే కోత, బిల్లు తప్పు పడితే కోత, జీఎస్టీలో పెనాల్టీ వస్తే కోత. అడిగే అలవాటు లేదు, చెప్పుకునే చోటు తెలియదు. అసలు చట్టం ఏం చెబుతోందో యజమానులకీ, మాకూ కూడా తెలియాలి. ఉద్యోగి లెక్క చెప్పాల్సిన డబ్బు పోతే జీతంలో కోయొచ్చు, కానీ ఆ నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లో, తప్పు వల్లో జరిగి ఉండాలి. కోత నష్టాన్ని మించకూడదు. కోసేముందు అతనికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఈ మాట ఉంది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. "చెరో సగం" అనే తీర్పుకి ఇందులో చోటు లేదు.

ఇంకో బాధ జీఎస్టీది. మా దగ్గర సరుకు కొనేవాళ్లు సరిహద్దు అవతల ఆంధ్రలోని ఇచ్ఛాపురం నుంచీ వస్తారు, ఊళ్లోంచీ వస్తారు. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు ఒడిశాకి 21, ఆంధ్రప్రదేశ్‌కి 37. రద్దీలో ఆ రెండు అంకెలు చూసుకోక వేరే రాష్ట్రానికి అమ్మితే వేసే ఐజీఎస్టీ వెయ్యాల్సిన బిల్లుకి, సొంత రాష్ట్రంలో అమ్మితే వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసేస్తాం. బయటపడగానే బిల్లింగ్ వాళ్లు అకౌంట్స్ వాళ్లని, అకౌంట్స్ వాళ్లు ఆడిటర్ గారి ఆఫీసుని అంటారు. నిజానికి ఈ పొరపాటుకి చట్టంలోనే దారి ఉంది. జీఎస్టీ చట్టం 77వ సెక్షన్ ప్రకారం సరైన పన్ను కట్టి, తప్పుగా కట్టినది వాపసు అడగొచ్చు. సరైన పన్ను మీద వడ్డీ కూడా పడదు. రిటర్నుల్లో మిగతా పొరపాట్లు దిద్దుకోవడానికి ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా గడువుంది, ఆ ఏటి వార్షిక రిటర్ను అంతకుముందే వేసేయకపోతే. అది దాటితే దిద్దే వీలుండదు. అరుస్తారన్న భయంతో, జీతం కోస్తారన్న భయంతో కుర్రవాళ్లు తప్పు కనిపించినా దాచేస్తారు. అక్కడే యజమానికి అసలు నష్టం వస్తుంది. మా దగ్గర పనిచేసే పిల్లల్ని నేను అడిగితే చెప్పారు, తిట్లకంటే కోతకే ఎక్కువ టెన్షన్ పడతామని.

వీటన్నిటికీ మూలం చాలా కొట్లలో నేను చూస్తున్నదే: ఒకటే కంప్యూటరు, ఒకటే పాస్‌వర్డ్. అట్టముక్క మీద రాసి మానిటర్‌కి అంటించి ఉంటుంది. మా కొట్లో ఆ అట్టముక్క అంటించింది నేనే. ఏ ఎంట్రీ ఎవరు కొట్టారో, ఎవరు మార్చారో చెప్పలేనప్పుడు, నింద నోరులేనివాడి మీదే పడుతుంది. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి, ప్రతి మార్పూ తేదీతో సహా నమోదయ్యే, ఆ నమోదుని ఆపడానికి వీల్లేని సాఫ్ట్‌వేరే వాడాలని నిబంధన ఉంది. సొంత కొట్లకీ, భాగస్వామ్య వ్యాపారాలకీ అది వర్తించదు. వర్తించకపోయినా పెట్టుకోవచ్చు కదా. ట్యాలీలో మనిషికో యూజర్ పేరు ఇవ్వడం పావుగంట పని.

బడాబజార్ వ్యాపారులకీ, ఈ జిల్లాల్లోని వర్తక సంఘాల పెద్దలకీ నా మనవి ఇది. ఎవరి ఎంట్రీ వారి పేరు మీద ఉండేలా చూడండి. రసీదులో సొమ్ము అక్షరాల్లో రాయకుండా డబ్బు లోపలికి తీసుకోవద్దు. తేడా వస్తే రసీదులన్నీ తిరగేసేదాకా ఎవరి పేరూ ఎత్తవద్దు, జీతం జోలికి అసలే వెళ్లవద్దు. కార్మిక శాఖ అధికారులు కోత నిబంధనలను తెలుగు, ఒడియా భాషల్లో అచ్చు వేయించి కొట్లలో పెట్టిస్తే మాలాంటివాళ్లకి మేలు చేసినవాళ్లవుతారు. తోటి గుమస్తాలకి ఒక్క మాట: యజమాని ముందు ఒకరినొకరు వేలెత్తి చూపించుకునే ముందు, ఇద్దరూ కలిసి ఆ రోజు కాగితాలు ముందేసుకుని కూర్చోండి. గంట పడుతుంది, మహా అయితే రెండు గంటలు.

మా కొట్లో ఇప్పుడు నలుగురికీ వేరు వేరు లాగిన్లు ఉన్నాయి. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు అంకెలు పక్కపక్కనే రాసిన కాగితం గల్లా మీద అంటించాం. ఆ తర్వాత రెండుసార్లు లెక్క తేడా వచ్చింది. అందులో ఒకటి నాది. కంప్యూటర్లో నా పేరే కనిపించింది. సాయంత్రంలోగా దిద్దుకుని యజమానికి నేనే వెళ్లి చెప్పాను.

ఇట్లు,
ఒక గుమస్తా,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా