బాలల విభాగం వార్షిక నివేదిక, 2024-25

కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

బోరు మరమ్మతు, వినాయక చవితి ఖర్చుల సంగతి కోశాధికారి విడిగా చెప్తారు. బాలల విభాగం ఈ ఏడాది గట్టిగా చేసిన పని ఒక్కటే. శనివారం సాయంత్రాలు కమ్యూనిటీ హాల్లో నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలను చాప మీద కూర్చోబెట్టి బొమ్మల పుస్తకాలు చదివాం. ఆ వంకన ‘నా ఒళ్లు నాది, ముట్టుకోవాలంటే నన్ను అడగాలి’ అన్న మాట వాళ్ల నోట్లో నానేలా చూశాం.

మొదట్లోనే తప్పటడుగు వేశాం. బయటి నుంచి ఒకరిని పిలిచి ప్రసంగం పెట్టిస్తే, ఆయన తెర మీద ముసుగు మనుషుల బొమ్మలు చూపించారు. ఆ రాత్రి ఇద్దరు పిల్లలు ఒంటరిగా బాత్‌రూమ్‌కి వెళ్లబోమని మారాం చేశారట. మర్నాడు తల్లులు నన్ను నిలదీశారు. వాళ్లన్నది న్యాయమే. పైగా హాని చేసేది ముక్కూమొహం తెలియనివాళ్లేనని ఆ బొమ్మలు చెప్పేది నిజం కూడా కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల పిల్లలను అడిగి తెలుసుకున్నది వేరు: లైంగికంగా హాని చేసినవాళ్లలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లో, నమ్మినవాళ్లో.

అందుకే ప్రసంగాలు మానేసి పుస్తకాలు పట్టుకున్నాం. తార్నాకలోని ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ నుంచి కొన్ని కొన్నాం, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగులో ఉచితంగా దొరికేవి కొన్ని ప్రింట్ తీశాం. ఒళ్లు గురించి రాసిన పుస్తకమే కావాలని పట్టుబట్టలేదు. బొమ్మలో ఎవరి మొహం ఎలా ఉందో చూడడం వస్తే చాలనుకున్నాం. అన్నిటికంటే బాగా పనికొచ్చింది మన సభ్యురాలొకరు చార్టుల మీద గీసి కుట్టిన పుస్తకం. అందులో ఒక పేజీలో చుట్టాలావిడ నవ్వుతూ చేతులు చాచి ఉంటుంది, పాప తలుపు రెక్క వెనక ఉంటుంది. ‘పాప ఏమంటోంది?’ అని అడిగాం. ‘ఏమీ అనట్లేదు, కానీ కాలి వేళ్లు ముడుచుకుంది’ అన్నాడొక ఐదేళ్లవాడు. ఆ వేళ్లు అప్పటిదాకా మాలో ఎవరికీ కనపడలేదు.

ఒంటి భాగాల పేర్ల దగ్గర పెద్ద పేచీ వచ్చింది. రెండు మీటింగులు దానికే సరిపోయాయి. వైద్యుల మాటలు పిల్లలకు తెలియవు, ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేర్లు టీచరుకు తెలియవు. ముద్దుపేరుతో ఫిర్యాదు చేస్తే వినేవాళ్లకు ఏం అర్థమవుతుంది? చివరికి ‘చెడ్డీ, బనియన్ కప్పే చోట్లు’ అని ఒప్పుకున్నాం. దాంతోపాటు స్నానం చేసొచ్చిన పిల్లల్ని ‘షేమ్ షేమ్’ అని వెక్కిరించడం మానెయ్యండని ఇళ్లల్లో చెప్పాం. ఒళ్లే సిగ్గుచేటని నేర్పితే, దానికేమైనా అయిందని రేపు మనతో ఎలా చెప్తారు?

పిల్లల ప్రశ్నలు మాకు చెమటలు పట్టించాయి. డాక్టర్ చూడొచ్చా? అమ్మో నాన్నో పక్కనుండి, ఎందుకో చెప్పి చూస్తే సరే. టైలర్ కొలతలు? అడిగి తీసుకోవాలి. ఆటో అంకుల్ చాక్లెట్ ఇచ్చి ఎవరికీ చెప్పొద్దంటే? పుట్టినరోజు కానుక లాంటి రహస్యమైతే రేపో మాపో అందరికీ తెలుస్తుంది. ఎప్పటికీ దాచమన్నది మాత్రం ఆ రోజే ఇంట్లో చెప్పాలి.

‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, తాతకు ముద్దు పెట్టమంటే పెట్టేవాళ్లం’ అని పెద్దవాళ్లు నొచ్చుకున్నారు. కాదనం. అలా అన్న బామ్మగారే దసరాకి మనవరాలిని ‘ముద్దా, నమస్కారమా?’ అని అడగడం చూశాను. అది నమస్కారం పెట్టి తుర్రుమంది. ఇక నా సంగతి: అలవాటుగా ఒకడిని ఎత్తుకోబోతే ‘అడగలేదుగా’ అన్నాడు. దించేశాను.

ఒక విషయంలో మొహమాటం పనికిరాదు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడ, మగ పిల్లలందరికీ వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటోంది. కాలనీ పెద్దలు కూర్చుని సర్దిచెప్పే పంచాయితీ కాదిది. పిల్లల పేరు, బడి, ఇంటి వివరాలు మన వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి వీల్లేదు. పిల్లలు సాయం కోసం ఫోన్ చేసే 1098 హెల్ప్‌లైన్ నంబరును హాలు తలుపు మీద పిల్లల కంటికి అందే ఎత్తులో అంటించాం.

వచ్చే ఏడాది తల్లిదండ్రులకు విడిగా రెండు శనివారాలు అనుకుంటున్నాం. ఈసారి వచ్చినవాళ్లలో నాన్నలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. చదివి వినిపించడానికి ఇంకో ఇద్దరు కావాలి. చార్టు పుస్తకం అట్ట ఊడింది, బైండింగ్‌కి ఇచ్చాం.

బాలల విభాగం కన్వీనర్