చవక గిటారు కొనేటప్పుడు ముందు బ్రిడ్జిని చూడండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ విశాఖ అనుబంధంలో, ఎలక్ట్రిక్ గిటారు కొనదలచిన కాలేజీ పిల్లల కోసం ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పిల్లల ముచ్చటను తేలిగ్గా తీసిపారేయకుండా, తల్లిదండ్రుల జేబును కూడా దృష్టిలో పెట్టుకుని రాసినందుకు సంతోషించాను. అయితే అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. హెవీ రాక్ వాయించాలనుకునేవారు తీగలను ఊపే కడ్డీ ఉన్న గిటారునే ఎంచుకోవాలని అందులో ఉంది. ఆ సలహానే రెండేళ్ల కిందట మరొకరి నోట విని, నమ్మి, 19,000 రూపాయలు ఖర్చు పెట్టినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందాను. చిన్నతనంలో విజయనగరంలో ఐదేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను కాబట్టి, వాయించడం మరిచిపోయినా శ్రుతి తప్పితే మాత్రం చెవి ఊరుకోదు. మా చిన్నవాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా గిటారు కావాలని పట్టుబట్టాడు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని వినిపించిన తరువాత, కరెంటుతో పలికేది సంగీతం కాదనే వాదన నాకు ఎక్కదు. అందుకే కాదనలేదు. ఊళ్లోని ఒక దుకాణానికి వెళ్లి, నల్లగా నిగనిగలాడుతూ కొమ్ములు తిరిగిన గిటారు ఒకటి తెచ్చుకున్నాం. దానికి కడ్డీ ఉంది. ఆ కడ్డీని నొక్కితే తీగలన్నీ ఒక్కసారిగా జారి మళ్లీ పైకి లేచేవి. దుకాణంలో ఉన్నంతసేపూ అది భలే తమాషాగా అనిపించింది.

అసలు చిక్కు ఇంటికి వచ్చాక మొదలైంది. హెవీ రాక్‌లో చాలా పాటలకు అన్నిటికంటే లావుగా ఉండే ఆరో తీగను మామూలు స్థాయి కంటే ఒక పూర్తి స్వరం కిందికి దించుతారు. పిల్లలు దీన్ని డ్రాప్ డి అంటారు. మావాడు ఆరో తీగను దించగానే, అంతవరకూ సరిగ్గా ఉన్న మిగతా ఐదు తీగలూ హెచ్చు శ్రుతిలోకి పోయాయి. ఆ ఐదింటినీ సరిచేసేసరికి ఆరోది మళ్లీ తప్పింది. ఇలా ఒక సాయంత్రమంతా గడిచింది. నాలుగు రోజుల తరువాత వాడు గిటారును మంచం కిందికి తోసేశాడు. తప్పు వాడి చేతిలో ఉందనే అప్పటికి ఇద్దరం అనుకున్నాం.

ఒకరోజు గిటారు వెనక మూత విప్పి చూస్తే సంగతి బోధపడింది. తీగల కింది చివరలు ఆని ఉండే లోహపు భాగాన్ని బ్రిడ్జి అంటారు. కడ్డీ ఉన్న బ్రిడ్జి గిటారు ఒంటికి గట్టిగా బిగించి ఉండదు. అది తక్కెడలాగా మధ్యలో ఆని ఉంటుంది. ఒకవైపు ఆరు తీగలు లాగుతుంటే, వాటికి ఎదురుగా లోపలున్న స్ప్రింగులు లాగుతుంటాయి. రెండు లాగుళ్లూ సమానమైన చోట బ్రిడ్జి నిలుస్తుంది. ఒక తీగను వదులు చేస్తే తీగల వైపు బలం తగ్గుతుంది, స్ప్రింగులది పైచేయి అవుతుంది, బ్రిడ్జి వెనక్కి ఒరుగుతుంది, దానితో మిగతా తీగలు బిగుసుకుంటాయి. పైగా హెవీ రాక్‌లో కుడి అరచేతి అంచును బ్రిడ్జి మీద ఆనించి, తీగల మోతను సగం అణచి, దడదడమని కొడుతూ వాయించడం ప్రధానమైన పద్ధతి. ఊగే బ్రిడ్జి మీద చేయి కాస్త బరువుగా పడితే చాలు, స్వరం పైకి పోతుంది. అంటే ఏ సంగీతం కోసం ఆ గిటారు కొన్నామో, ఆ సంగీతానికి మూలమైన రెండు పనులూ దాని మీద నికరంగా సాగవు.

ఊగే బ్రిడ్జి మంచిది కాదని నేను అనడం లేదు. తీగలను రెండు చివరలా మరలతో బిగించేసే ఫ్లాయిడ్ రోజ్ పద్ధతి 1970ల చివర్లో వచ్చింది. మంచి లోహంతో చేసినది ఎంత ఊపినా శ్రుతి వదలదని పేరు పొందింది. కానీ దానిలో ఒక తీగ మార్చాలన్నా మరలు తిప్పే ఆలెన్ కీ చేతపట్టుకుని కూర్చోవాలి, శ్రుతి స్థాయి మార్చాలంటే మొత్తం తూకం మళ్లీ సరిచేయాలి. తక్కువ ధర గిటారులో దానికి నకలుగా పెట్టే మెత్తని లోహపు భాగాలు ఆనే అంచుల దగ్గర త్వరగా అరిగిపోతాయి. ఒకే ధరకు అమ్మే రెండు గిటార్లలో ఒకదానికి కడ్డీ, స్ప్రింగులు, కదిలే భాగాలు అదనంగా ఉన్నాయంటే, ఆ మేరకు డబ్బు ఇంకెక్కడో తగ్గించి ఉంటారని గ్రహించాలి.

ఇప్పటికే కడ్డీ గిటారు కొనేసినవారు దిగులు పడనక్కరలేదు. వెనక మూత తీస్తే స్ప్రింగులు తగిలించి ఉన్న లోహపు దిమ్మ కనిపిస్తుంది. ఆ దిమ్మకూ, మెడ వైపున్న చెక్క గోడకూ మధ్య సరిగ్గా పట్టే గట్టి కర్రముక్కను దూర్చి, స్ప్రింగులను ఇంకాస్త బిగిస్తే బ్రిడ్జి వెనక్కి ఒరగడం మానేస్తుంది. మా వీధి వడ్రంగి టేకుముక్క ఒకటి చెక్కి ఇచ్చి, డబ్బులు కూడా పుచ్చుకోలేదు. ఆ సాయంత్రమే గిటారు మంచం కింద నుంచి బయటికి వచ్చింది.

ఇంతకీ ఈ సంగీతంలో శ్రుతికి ఇంత పట్టింపు ఎందుకని పెద్దలు అడగవచ్చు. అదంతా వట్టి రొదే కదా అని నేనూ అనుకునేవాణ్ణి. మావాడి వేళ్లను గమనిస్తే తెలిసింది, వాడు పవర్ కార్డ్ అని పిలిచేది మరేమీ కాదు, షడ్జమమూ పంచమమూ కలిపి పలికించడమే. తంబురాలో మనం వినే జంటే అది. ఆంప్లిఫయరులో డిస్టార్షన్, అంటే ధ్వనిని కావాలనే గరగరలాడించే సదుపాయం, పెంచినప్పుడు గాంధారం కూడా చేరిస్తే ధ్వని అలుక్కుపోతుంది, ఒక్క స-ప జంట మాత్రమే స్పష్టంగా, గంభీరంగా నిలుస్తుంది. అయితే ఆ పంచమం వెంట్రుకవాసి తప్పినా డిస్టార్షన్ దాన్ని దాచదు సరికదా, అలలు అలలుగా ఊగించి ఊరంతా చాటుతుంది. అందువల్ల దుకాణంలోనే పన్నెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దగ్గర తీగను వేలితో కేవలం తాకి ఒకసారి, గట్టిగా అదిమి ఇంకోసారి మీటి, రెండూ ఒకే స్వరం పలుకుతున్నాయో లేదో చూడాలి. ఫోనులో ఉచితంగా దొరికే, శ్రుతి చూపించే ట్యూనర్ చాలు. తేడా కొద్దిగా ఉంటే బ్రిడ్జి మరలతో సరిచేయవచ్చు. మెడ మెలిపడిన గిటారు మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఇక పికప్పుల సంగతి, అంటే తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగాల సంగతి. ఇది నా వృత్తికి దగ్గరి విషయం. తీగల కింద అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. అది తీగ కదలికతో పాటు ఇంట్లోని కరెంటు తీగల చుట్టూ ఉండే 50 హెర్ట్జ్ క్షేత్రాన్ని కూడా పట్టుకుంటుంది. ఒంటి కాయిల్ పికప్ ఉన్న గిటారుకు డిస్టార్షన్ పెంచి, ట్యూబ్‌లైట్ చోక్ పక్కనో ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కనో కూర్చోండి, వాయించకపోయినా తేనెటీగల తుట్టె కదిలినట్లు మోగుతుంది. దీనికి విరుగుడుగా 1955 ప్రాంతంలో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ అనే ఇంజనీరు హంబకర్ అనే పికప్‌ను రూపొందించాడు. అందులో రెండు కాయిళ్లు ఒకదానికొకటి ఎదురుగా కలిపి ఉంటాయి కనుక బయటి నుంచి వచ్చిన మోత ఒకదానిలోది మరొకదానిలోదాన్ని కొట్టేస్తుంది. అయస్కాంతాల ధ్రువాలను కూడా తిప్పి పెట్టడం వల్ల తీగ నుంచి వచ్చే సంకేతాలు మాత్రం కొట్టివేసుకోకుండా కూడుకుంటాయి. అందువల్ల బ్రిడ్జి దగ్గర కనీసం ఒక్క హంబకర్ ఉన్న గిటారును చూసుకోవడం మంచిది. డీప్ పర్పుల్ అనే రాక్ బృందం‌లో రిచీ బ్లాక్‌మోర్ ఒంటి కాయిల్ గిటారుతోనే వాయించాడు కదా అని మావాడు వాదిస్తాడు. నిజమే. కానీ ఆయన మా ఇంటి వైరింగు మీద వాయించలేదు.

పేర్లు చెప్పమంటే, నేను చూసినప్పుడు 15,000 నుంచి 25,000 రూపాయల మధ్య తిరిగిన గిటార్లలో ఐబనేజ్ జీఆర్‌జీ 121 డీఎక్స్‌కు కదలని బ్రిడ్జి, రెండు హంబకర్లు ఉన్నాయి. అదే వరుసలోని 170 డీఎక్స్ చూపులకు దానికి తోబుట్టువులాగే ఉంటుంది కానీ దానికి కడ్డీ ఉంది, కాబట్టి పెట్టె మీది అంకె చూసి కొనాలి. జాక్సన్ జేఎస్ వరుసలోనూ కదలని బ్రిడ్జితో వచ్చే రకాలు ఉన్నాయి. యమహా పసిఫికా 012కు బ్రిడ్జి దగ్గర హంబకర్ ఉంది, కానీ కడ్డీ కూడా ఉంది, దాన్ని నేను చెప్పిన కర్రముక్కతో దారికి తేవచ్చు. ఎపిఫోన్ లెస్ పాల్ స్పెషల్ టూ‌కు రెండు హంబకర్లూ కదలని బ్రిడ్జీ ఉన్నా, దాని తీగల పొడవు 628 మిల్లీమీటర్లు, పైన చెప్పిన ఐబనేజ్‌కు 648. పొట్టి గిటారులో తీగను కిందికి దించితే మరింత వదులై కొట్టుకుంటుంది, అందుకని దానికి కొంచెం లావు తీగలు వేసుకోవాలి.

మొత్తం డబ్బంతా గిటారుకే పెట్టకండి. మావాడి విషయంలో నేను చేసిన రెండో తప్పు అదే. గిటారుతో పాటు ఉచితమని ఇచ్చిన అరచేయంత ఆంప్లిఫయరులో డిస్టార్షన్ మీట నొక్కితే చిరిగిన కాగితం చప్పుడు వచ్చేది. మూడో వంతు డబ్బు మిగిల్చి, జూమ్ జీ1 ఫోర్ వంటి చిన్న ఎఫెక్ట్స్ పెడల్ (గిటారు ధ్వనిని మార్చే, కాలితో నొక్కే పెట్టె) కొనుక్కుంటే అందులోనే రకరకాల ఆంప్లిఫయర్ల ధ్వనులు ఉంటాయి. హెడ్‌ఫోన్ తగిలించుకుంటే పక్కింటివారితో పేచీ కూడా ఉండదు.

విశాఖలో ఉంటున్నవారికి మాత్రమే అవసరమైన మాట ఒకటుంది. మేము పెదవాల్తేరులో ఉంటాం. కిటికీ ఊచలను తినేసే ఉప్పుగాలి గిటారు తీగలను వదిలిపెడుతుందా? ఇక్కడ మామూలు తీగలు నెల తిరగకుండానే నల్లబడి గరుకుగా తయారవుతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగలను అడుగు వైపు కూడా తుడవడం, సిలికా జెల్ పొట్లాలు వేసి సంచీలో పెట్టి జిప్పు మూయడం, వీలైతే పైపూత ఉన్న తీగలు వాడడం మేలు. తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాయమని మా ఇంట్లో ఒకరు సలహా ఇచ్చారు, రాశాం కూడా. రెండు వారాల్లో ఫ్రెట్ల పక్కన జిడ్డు పేరుకుని, కంపు కొట్టి, దాన్ని గీకలేక మా ప్రాణం మీదికి వచ్చింది.

ఆ వ్యాసంలోని వాక్యాన్ని వచ్చే సంచికలో సవరించమని మనవి చేస్తున్నాను. అలాగే నగరంలోని దుకాణదారులు ధర చీటీ మీద బ్రిడ్జి కదిలేదో కదలనిదో ఒక్క ముక్క రాసి పెడితే, కొనేవారికి డిస్టార్షన్ పెట్టి, ఆరో తీగ దించి పది నిమిషాలు వాయించి చూసుకునే వీలు కల్పిస్తే బాగుంటుంది. మేము కొన్న రోజున మావాడు అదే అడిగితే, ముందు బిల్లు కట్టమన్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.