మన ముసలమ్మ ముక్కు ఊడింది

ఒరే కెప్టెన్,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. ఆలస్యానికి కారణాలు చెబితే నువ్వు నమ్మవు, నమ్మించే ఓపిక నాకూ లేదు. కాబట్టి క్షమాపణ ఒక్కటే పంపుతున్నాను, పుచ్చుకో. ఇంట్లో అందరూ క్షేమం. అమ్మ మోకాలు పరవాలేదు. చిన్నది పరీక్ష గట్టెక్కింది. నా ఉద్యోగం ఇంకా ఉంది. వార్తలు సమాప్తం.

ఇక అసలు సంగతి. మన ముసలమ్మ, అదే మన పాత తెరచాప పడవ, ముక్కు ఊడింది! సరిగ్గా చెప్పాలంటే నేనే ఊడదీశాను. పడవ ముందుకు ముక్కులా పొడుచుకొచ్చే ఆ పాత దూలం, బౌస్‌ప్రిట్, ఇప్పుడు నా ఎదురుగా రెండు చెక్క స్టాండ్ల మీద పడుకుని ఉంది. దాని పక్కనే కొత్తది, ఐదో పూత వార్నిష్‌తో నిగనిగలాడుతోంది. ఆరేదాకా దాన్ని వేలితో తాకి చూడకుండా ఉండాలంటే నా చేతులకు వేరే పని కావాలి. అందుకే ఈ ఉత్తరం. చూశావా, నీకు జవాబు రాయించడానికి ఒక దూలం కుళ్ళాల్సి వచ్చింది.

మొదటి నుంచి చెబుతాను. ఏటా చేసినట్టే డెక్కు కడుగుతూ, స్క్రూడ్రైవర్ పిడితో కొయ్యనంతా తట్టుకుంటూ పోతున్నాను. టక్, టక్, టక్. ముక్కు దగ్గర బౌస్‌ప్రిట్‌ను పట్టి ఉంచే ఇనప పట్టీ ఉంది చూడు, అక్కడికి రాగానే "దబ్" అంది. మళ్ళీ తట్టాను. దబ్. ఇటు టక్, అటు టక్, మధ్యలో జానెడు మేర దిండు మీద కొట్టినట్టు. పైన చూస్తే వార్నిష్ అద్దంలా ఉంది. నువ్వు తల దువ్వుకున్న అద్దమే. స్క్రూడ్రైవర్ మొన ఆనించాను. ఒత్తలేదురా, ఒట్టు, ఆనించానంతే. పిడి దాకా దిగిపోయింది.

కాసేపు అలాగే కూర్చుండిపోయాను. తర్వాత లోపలికి వెళ్ళి, నువ్వు క్రితం సారి దాని కొన మీద నిలబడి రెండు చేతులూ చాచి గెంతుతూ తీయించుకున్న ఫొటో వెతికి చూశాను. నవ్వు రాలేదు. పూర్వం నావికులు బౌస్‌ప్రిట్‌ను "ఆడవాళ్ళ తాళి తెంపేది" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవాళ్ళట. తుఫానులో ముందు తెరచాప దించడానికి దాని మీదికి పాకినవాళ్ళు అలలకు కొట్టుకుపోయేవాళ్ళు కదా. నీ మూలంగా ఆ పేరు మళ్ళీ వాడుకలోకి వచ్చేది.

మరి అంత పుచ్చిన కొయ్య ఎలా నిలిచింది? నేనూ అదే అడిగాను, యార్డులో పాత పడవలు బాగుచేసే పెద్దాయనను. ఆయన ఏమీ మాట్లాడకుండా నా చూపుడువేలు పట్టుకుని, కొనకు రెండు దారాలు కట్టి, ఒకటి పైకీ వెనక్కీ, ఇంకొకటి కిందికీ వెనక్కీ లాగాడు. వేలు ఎటూ వంగలేదు, వెనక్కి నా అరచేతిలోకి గుచ్చుకుంది. అంతేనట సంగతి. పైన తెరచాప స్తంభాన్ని ముందుకు పట్టి ఉంచే వైరు, కింద నీటి అంచు దాకా దిగే గొలుసు, పక్కలకు రెండు వైర్లు. వీటి మధ్య బౌస్‌ప్రిట్ చేసే పని వెనక్కి నొక్కుకుపోకుండా నిలబడడమే. నీళ్ళు నిశ్చలంగా ఉన్నంతకాలం కాస్త పుచ్చినా ఆ ఒత్తిడి మోసేస్తుంది. అలల్లో గొలుసు ఒక్కసారి తెగితేనో, నీలాంటివాడు మధ్యలో గెంతితేనో బండారం బయటపడుతుంది. ఇన్నేళ్ళూ వైర్లే ఆమెను పట్టుకుని నడిపించాయి.

ఊడదీయడం ఒక యుద్ధం. ముందు స్తంభం పడకుండా చూడాలి, ముందు వైరు కట్టింది బౌస్‌ప్రిట్ కొనకే కాబట్టి. తెరచాపలు ఎత్తే తాళ్ళు రెండింటిని తెచ్చి పడవ ముక్కుకు బిగించి, వెనక వైరు సడలించి, ఆ తర్వాతే ముందు వైరు విప్పాను. ఇందులో తడబడితే ఈ ఉత్తరం ఆసుపత్రి నుంచి వచ్చేది. బోల్టులు నాలుగు. రెండు వచ్చాయి. ఒకటి రెండు రోజులు నూనెలో నాని, వేడి చేస్తే వచ్చింది. నాలుగోది... దాని గురించి రాయను. నా బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది.

ఇప్పుడు చూడు, చెప్పాలని నాలుగు వారాలుగా నోరు దురద పెడుతున్నది ఇదే. నీ పాదపీఠం గుర్తుందా? నువ్వు జారి నీళ్ళలో పడిన ఏడాది, ఇక జారకూడదని ఇద్దరం కలిసి పైన ఒక చెక్క బిగించాం. రెండు ఇత్తడి స్క్రూలు. నువ్వు పట్టుకున్నావు, నేను తిప్పాను. ఆ రంధ్రాల్లో ఏదైనా పూయాలి అని నువ్వన్నావు, ఏం అక్కర్లేదు అని నేనన్నాను. లేక నేనని, నువ్వు అక్కర్లేదన్నావో! పదకొండేళ్ళయింది, సాక్షులు లేరు.

ఆ చెక్క తీద్దామని స్క్రూడ్రైవర్ పెట్టబోయాను. అవసరం లేకపోయింది. స్క్రూను రెండు వేళ్ళతో పట్టుకుని లాగితే జామ్ సీసాలోంచి చెంచా వచ్చినట్టు వచ్చేసింది. దాని మరల మధ్య తడి గోధుమరంగు పొడి. చెక్క కింద కొయ్య చిన్న చిన్న ఘనాలుగా, కాలి ఆరిన బొగ్గులా పగిలి ఉంది. ఒక ముక్క తీసి నలిపితే ముక్కుపొడుం అయింది. వాన నీరు చెక్క కింద నిలిచి, ఆ రెండు బెజ్జాల్లోంచి దిగి, లోపల నడిచి నడిచి ఇనప పట్టీ కింద మకాం పెట్టింది. సముద్రపు ఉప్పునీరు కొయ్యకు అంత చేటు చేయదట, పాత ఓడల పక్కటెముకల మధ్య కావాలనే ఉప్పు దట్టించేవాళ్ళు. చంపేది వాననీరే. కొయ్యలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజుకు పండగ. పైన మనం ఏటా వేసిన వార్నిష్ ఆ తేమను బయటికి పోనివ్వకుండా మూతపెట్టింది. అంటే మనం మురిసిపోతూ వేసిన ఆ పూతలన్నీ... సరే, పోనీ.

అర్థమైందా? ఆమెను తుఫాను ఏమీ చేయలేదు, 1968 నుంచి కాలమూ ఏమీ చేయలేదు. నువ్వు పడకూడదని నువ్వూ నేనూ కొట్టిన రెండు స్క్రూలే తినేశాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు, నిజం.

కొత్తదానికి డగ్లస్ ఫర్ కలప దొరికింది. 3 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల చదరం, ముడులు లేని నిలువు పోగు. బరువు 35 కిలోల పైనే. నేను పాతదాన్ని పక్కన పెట్టి అచ్చంగా దాని కొలతే గీసి రంపం ఎత్తాను. పెద్దాయన అటుగా పోతూ ఆగి, "శవం కొలతకు చొక్కా కుడుతున్నావా?" అన్నాడు. కోపం వచ్చింది. తర్వాత చూస్తే పాతదాని మొదట్లో, పడవ గుంజల మధ్య దూరే కుసి కూడా మెత్తబడి, ఇన్నేళ్ళ ఒత్తిడికి నలిగి రెండు వేళ్ళ మేర కురచ అయింది. అలాగే కోసి ఉంటే గొలుసు ఎప్పటికీ బిగిసేది కాదు. ఆ రోజంతా రంపం ముట్టలేదు. మర్నాడు పడవ మీదే, గుంజల నుంచి పట్టీ దాకా, పట్టీ నుంచి కొన దాకా మళ్ళీ కొలిచాను. మూడుసార్లు. నువ్వుంటే నాలుగుసార్లు కొలిపించేవాడివి, నేను మూడడుగుల చేపను తిమింగలం అన్న తర్వాత నీకు నా కొలతల మీద నమ్మకం లేదు కదా.

చదరం నుంచి గుండ్రంగా చేయడం ఉంది చూడు, అది మాత్రం స్వర్గంరా. ఒక కర్ర ముక్కకు 24 భాగాల ఎడంలో రెండు మేకులు, మధ్యలో 7 దగ్గరా 17 దగ్గరా రెండు పెన్సిళ్ళు. మేకులు రెండూ కొయ్య అంచులకు తగిలేలా వాలుగా పెట్టి లాక్కుంటూ పోతే, కొయ్య కొనవైపు సన్నబడినకొద్దీ గీతలు వాటంతట అవే దగ్గరవుతాయి. లెక్కలేదు, పత్రం లేదు. ఆ గీతల దాకా మూలలు చెక్కితే ఎనిమిది పలకలు. వాటి అంచులు తీస్తే పదహారు. ఆ పైన చెయ్యే చెబుతుంది. చిత్రిక పడుతుంటే ఒక్కొక్క పొర చెవి పక్కగా చుట్టలు చుట్టుకుంటూ పోతుంది, నారింజరంగు, జిగురు వాసన. మూడు రోజులు నేను మనిషితో మాట్లాడలేదు. ఇంట్లో వాళ్ళు అది ఉపశమనంగా ఉందన్నారు.

పట్టీ కింద ఈసారి తోలు ముక్క వేసి, అడుగున నీరు కారిపోయే గాడి పెట్టాను. బోల్టు రంధ్రాలన్నీ పెద్దవిగా తొలిచి, ఎపాక్సీ జిగురుతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో మళ్ళీ తొలిచాను. ఇక నీళ్ళు కొయ్యను తాకాలంటే నా అనుమతి కావాలి. మొదటిసారి ఎపాక్సీ ఎక్కువ కలిపి డబ్బాలోనే వదిలేస్తే పొగలు కక్కి రాయి అయింది, ఆ డబ్బా నీకోసం దాచాను. కాగితాల మీద బరువు పెట్టుకో.

నీ పాదపీఠం మాటకు వస్తే, మళ్ళీ పెడతాను. స్క్రూలు లేకుండా, తాడుతో కట్టి, కింద వేలు దూరేంత ఎడం వదిలి. ఏటా విప్పి చూడాలి. ఆ విప్పే పని నీది, అందుకు నువ్వు రావాలి, ఇంకో మూడు పూతలున్నాయి, ఎక్కించేటప్పుడు ఒక చివర పట్టుకోవడానికి మనిషి లేడు, పెద్దాయన నడుం పట్టేసిందంటున్నాడు, నువ్వు కనక వచ్చే నెల మొదటి వారంలో

అయ్యో! చినుకు పడింది. కాగితం మీదే పడింది, ఆ మరక చూడు. ఐదో పూత ఇంకా తడి, టార్పాలిన్ పడవ లోపల ఉంది. పరిగెత్తాలి.

నీ
తిమింగలం